విల్లుకు తగ్గ భుజం

1545 జులై 19న ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్, ఫ్రెంచివాళ్లతో పోరులో దక్షిణ తీరానికి దగ్గరగా మునిగిపోయింది. 1982లో పైకి తీసిన ఆ ఓడలో 170కి పైగా నిలువెత్తు విల్లులు బయటపడ్డాయి. వాటి నమూనాలో కొత్తవి చేసి చూస్తే, పూర్తిగా లాగడానికి 100 పౌండ్ల బలం చాలదు, చాలావాటికి 150 దాకా కావాలని తేలింది. ఒలింపిక్స్‌లో మగవాళ్లు లాగేది 50 పౌండ్ల చుట్టుపక్కలే!

ఆ బలం యూ చెట్టు కొయ్యది. విల్లు వంగినప్పుడు విలుకాడి వైపు కొయ్య నొక్కుకుపోతుంది, అవతలి వైపు సాగుతుంది. యూ చేవకు నొక్కుడు తట్టుకునే గుణం ఉంది. దాన్ని చుట్టి ఉండే తెల్లకొయ్యకు సాగే గుణం ఉంది. రెండూ కలిసి ఉండేలా ఒకే దుంగలోంచి చీల్చి, వంపు విల్లు రెండు సగాల్లోనూ సమంగా వచ్చేదాకా కొంచెం కొంచెంగా గీకుతారు. తొందరపడి ఒకచోట ఎక్కువ గీకితే విల్లు అక్కడే విరుగుతుంది. స్వదేశపు కొయ్య చాలక, వర్తకులు టన్ను సరుకుకు నాలుగు విల్లు కర్రల చొప్పున తేవాలని 1472లో చట్టమే చేశారు.

కర్ర ఓడలో వస్తుంది, భుజం రాదు. అందుకే 1363లో మూడో ఎడ్వర్డు, పండుగ రోజుల్లో ఫుట్‌బాల్ వంటి ఆటలు మాని విలువిద్య సాధన చెయ్యమని ఆజ్ఞాపించాడు. తరువాతి రాజులూ అదే ఆజ్ఞ మళ్లీ మళ్లీ ఇచ్చారంటే జనం ఎంత విన్నారో ఊహించుకోవచ్చు. హ్యూ లాటిమర్ అనే మతబోధకుడు 1549లో రాజు ఎదుట తన చిన్ననాటి సాధన గురించి చెప్పాడు. వయసు, బలం పెరిగేకొద్దీ తండ్రి పెద్ద విల్లు కొనిచ్చేవాడట. చేతులతో గుంజకుండా ఒంటి బరువంతా విల్లు మీద మోపడం నేర్పాడట. నేటి గురువులూ రెక్క ఎముకలు దగ్గరయ్యేలా వీపుతో లాగమనే చెబుతారు. మేరీ రోజ్‌లో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నింటికి రెక్క ఎముక కొన సరిగా అతుక్కోలేదు. ఎముకలు ముదరకముందే బరువైన విల్లు పట్టడం వల్లేనని పరిశోధకుల అంచనా.

ఆనాటి తుపాకీ కంటే విల్లే వేగంగా వేసేది. అయినా 1595లో ప్రభుత్వం శిక్షణ దళాల్లో విలుకాళ్లను లెక్కలోంచి తీసేసింది. తుపాకీ పట్టేవాణ్ని కొన్ని వారాల్లో తయారు చెయ్యొచ్చు. విల్లు ఓడింది అక్కడేనని నా అభిప్రాయం.

మన విజయవాడ విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లులో, నారి పూర్తిగా లాగాక చక్రాలు బరువు చాలావరకు తగ్గిస్తాయి. పొడవాటి విల్లులో ఆ వెసులుబాటు లేదు. పూర్తిగా లాగినప్పుడే బరువు ఎక్కువ, కాబట్టి గురి చూస్తూ నిలబడిపోకూడదు. నేర్చుకోవాలనుకునేవారు 25, 30 పౌండ్ల విల్లుతో మొదలుపెట్టండి. బాణం లేకుండా మాత్రం నారి లాగి వదలకండి. బాణానికి పోవలసిన శక్తంతా కొయ్యలోకే తిరిగి వెళ్లి విల్లు చీలిపోవచ్చు.