గోలుకు అడ్డం నిలిచినవాడు

పిల్లలూ! సాయంత్రం బడి వదలగానే పదిమంది చేరి ఫుట్‌బాల్ ఆడబోయేటప్పుడు మొట్టమొదట వచ్చే తగాదా ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. అందరూ ముందే ఆడతామంటారు. వెనక నిలబడటానికి ఎవడూ ఒప్పుకోడు. చివరకు అందరిలోకీ చిన్నవాణ్ణో, ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణో బలవంతాన వెనక్కు తోస్తారు. పాలకొల్లులో తొలకరి వానకు తడిసిన మైదానంలో, గోలు గుర్తుకు రెండు కొబ్బరి డొక్కలు పెట్టుకుని ఆడే ఆటలోనూ ఇదే తగాదా. ఆటలో ముందున్నవాడికి పేరు, వెనకున్నవాడికి బురద!

చెడుగుడు మాత్రం? కూతకు వెళ్ళి ఇద్దర్ని కొట్టి వచ్చినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. కూతకు వచ్చినవాడి కాలు దొరకబుచ్చుకుని, ఊపిరి విడిచేదాకా వదలకుండా పట్టినవాడి పేరు ఆ పక్కనున్న నలుగురికే జ్ఞాపకం ఉంటుంది.

ఫుట్‌బాల్‌లో ఇలా వెనక నిలిచి గోలును కాపాడే ఆటగాణ్ణి పాతకాలంనుంచీ బాక్ అంటారు. ఇతడి పని చిత్రమైనది. ఇతడు తన పని చక్కగా చేసినంతసేపూ చూసేవాళ్ళకు ఏమీ జరిగినట్టు ఉండదు. ఒక్కసారి పొరపాటు చేస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది. అటువంటి ఆటగాడు ఒకాయన 1944 లో హైదరాబాదులో పుట్టి, దేశపు జట్టుకు నాయకుడై, ఆ తరవాత ఆటను ఇతరులకు నేర్పే కోచ్ అయినాడు. ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్. ఆయన సంగతి చెప్పుకునే ముందు బాక్ ఏం చేస్తాడో కాస్త చూద్దాం. అందులో కొంచెం లెక్క ఉంది గాని, భయపడకండి, అది కాగితం మీద తేలిపోయే లెక్కే.

ఫుట్‌బాల్ గోలు వెడల్పు 8 గజాలు. గోలుకు ఎదురుగా, దాని నడిమికి సరిగా 12 గజాల దూరంలో ఒక చుక్క ఉంటుంది. పెనాల్టీ ఇచ్చినప్పుడు బంతిని అక్కడ పెట్టి తన్నుతారు. ఇప్పుడు మీ నోటుపుస్తకంలో గజానికి అర సెంటీమీటరు చొప్పున ఈ బొమ్మ గీయండి. గోలు 4 సెంటీమీటర్లు, చుక్క దానికి 6 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. చుక్కనుంచి గోలు రెండు స్తంభాలకూ రెండు గీతలు గీసి, ఆ గీతల మధ్య కోణం కొలవండి. ఇంచుమించు 37 డిగ్రీలు ఉంటుంది. అంటే అక్కణ్ణించి తన్నేవాడికి 37 డిగ్రీల వాకిలి తెరిచి ఉందన్నమాట.

ఇప్పుడు ఆ చుక్కను గోలుగీతకు అంతే దూరంలో ఉంచి, పక్కకు మాత్రం 10 సెంటీమీటర్లు జరపండి. మైదానంలో అది 20 గజాలు. మళ్ళీ గీతలు గీసి కొలవండి. కోణం సుమారు 10 డిగ్రీలకు పడిపోతుంది! గోలు అదే, గోలుగీత అంతే దూరంలో ఉంది. కాని వాకిలి ముప్పాతిక మూసుకుపోయింది.

మంచి బాక్ చేసే పని ఇదే. ఎదుటివాడు బంతితో దూసుకువస్తుంటే తెలివితక్కువ బాక్ అతడిమీదికి ఉరుకుతాడు. ఎదుటివాడు బంతిని ఒక్క తోపు తోసి అతణ్ణి దాటిపోతాడు. తెలివిగల బాక్ ఉరకడు. గోలుకూ ఎదుటివాడికీ మధ్య ఉండి, మెల్లిగా వెనక్కు అడుగులు వేస్తూ, వాణ్ణి మైదానం అంచువైపుకు నడిపిస్తాడు. బంతి ఇంకా ఎదుటివాడి కాళ్ళ దగ్గిరే ఉంటుంది, అతడు హుషారుగానే పరిగెత్తుతుంటాడు. కాని అతడి 37 డిగ్రీలు కాస్తా 10 అయిపోతాయి. చప్పట్లు కొట్టేవాడు ఉండడు. ఏముందని కొడతారు?

గోలు ముందు గీసి ఉండే పెనాల్టీ పెట్టె వెడల్పు 44 గజాలు, అనగా 132 అడుగులు. అది ఎంత ఉంటుందో తెలియాలంటే, పాలకొల్లు పిల్లలు ఎండ సరిగా సగం ఎత్తున ఉన్నప్పుడు క్షీరారామం గోపురం నీడ చూడండి. అప్పుడు ఏ వస్తువు నీడైనా దాని ఎత్తంతే ఉంటుంది. గోపురం ఎత్తు 120 అడుగులంటారు. ఆ నీడకు ఇంకో 12 అడుగులు కలపండి. ఆ మేరంతా కాసుకోవలసినవాళ్ళు ముగ్గురో నలుగురో బాకులూ, ఒక గోల్‌కీపరూ.

నయీముద్దీన్ ఈ ఆట నేర్చిన హైదరాబాదులో ఆ రోజుల్లో ఒక గొప్ప గురువు ఉండేవాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకూ, భారతజట్టుకూ కూడా ఆయనే శిక్షకుడు. పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా 5 ఏళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిందంటే ఆయన ఎటువంటి గురువో ఊహించుకోండి. రహీం తన కుర్రవాళ్ళకు వింత పోటీలు పెట్టేవాడు. వాటిలో వాటంలేని కాలితోనే బంతి తన్నాలి! ఎడమచేత్తో ఒక పుట దస్తూరీ రాసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. కాని అది అలవాటయినవాడికి మైదానంలో రెండు పక్కలూ ఒకటే.

1962 లో జకార్తాలో ఏషియన్ క్రీడలు జరిగినప్పుడు మన జట్టులో జర్నైల్‌సింగ్ అని పంజాబు బాక్ ఉండేవాడు. థాయిలాండుతో ఆటలో అతడి తలకు దెబ్బ తగిలి 6 కుట్లు పడ్డాయి. అటువంటి తలతో వెనక నిలబడి, వచ్చిన బంతినల్లా తలతో కొట్టటం అయ్యే పని కాదు. రహీం ఏం చేశాడనుకున్నారు? అతణ్ణి ఇంటికి పంపలేదు, ఫార్వర్డుగా ముందుకు పంపాడు. ముందువాళ్ళు వచ్చే దారులన్నీ ఎరిగిన బాక్ తనే ముందువాడైతే ఎలా ఉంటుంది! సెమీఫైనలులో అతడు గోలు కొట్టాడు. సెప్టెంబరు 4 న జరిగిన ఫైనలులోనూ కొట్టాడు. దక్షిణ కొరియామీద మనం 2–1 తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాం. రహీం అప్పటికే జబ్బుమనిషి. మరుసటి ఏడు జూన్‌లో కాన్సరుతో చనిపోయాడు.

అదే హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో నయీముద్దీన్ బాక్‌గా పైకి వచ్చాడు. 1966 లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయన్ను పిలిచింది. ఆయనతోపాటు మహమ్మద్ హబీబ్ అనే మరో హైదరాబాదు కుర్రవాడు కూడా వెళ్ళాడు. బెజవాడమీదుగా వచ్చి, రాజమండ్రి దగ్గిర మన గోదావరి దాటి పోయే రైలుదారి అది. అవతల భాష వేరు, తిండి వేరు. ఇల్లు విడిచి వెళ్ళిన ఇరవైరెండేళ్ళవాడికి అది చిన్న సంగతేమీ కాదు.

కలకత్తా ఫుట్‌బాల్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ముందుకు పోలేను. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అని రెండు పాత క్లబ్బులు. మొదటిది 1889 లో పుట్టింది, రెండోది 1920 లో. ఊరు రెండుగా చీలి ఉంటుంది. ఒకే ఇంట్లో అన్న ఒక పక్షం, తమ్ముడు ఒక పక్షం కావచ్చు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజున వాళ్ళ పక్షంవాళ్ళు ఇలిష్ చేప వండుకుంటారు. మోహన్ బగాన్ గెలిస్తే అవతలివాళ్ళు రొయ్యలు వండుకుంటారు. ఇలిష్ అంటే మరేమీ కాదు, వరదల్లో గోదావరికి ఎదురీదుకుంటూ వచ్చే మన పులసే! నయీముద్దీన్ ముందు పులసవాళ్ళకు ఆడాడు, తరవాత రొయ్యలవాళ్ళకూ ఆడాడు. మూడో పెద్ద క్లబ్బయిన మహమ్మడన్ స్పోర్టింగుకు కూడా ఆడాడు.

1970 లో బాంగ్‌కాక్‌లో ఏషియన్ క్రీడలు వచ్చాయి. భారతజట్టుకు కెప్టెన్ ఆయనే. ఆ క్రీడల్లో బంగారు పతకాన్ని బర్మా, దక్షిణ కొరియా పంచుకున్నాయి. మూడో స్థానానికి మనమూ జపానూ తలపడ్డాం. మనవాళ్ళు ఒక్క గోలు కొట్టారు, జపాను ఒక్కటి కూడా కొట్టలేకపోయింది. కంచుపతకం మనకు వచ్చింది. పిల్లలూ, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, ఆ 1–0 లో ఒకటి సంగతి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటారేమో. కాని ఆ సున్న? జపాను జట్టును ఆట ఆసాంతం సున్న దగ్గిర ఆపటమే కదా నయీముద్దీనూ ఆయన తోటి బాకులూ చేసిన పని. అంతకుముందు 1951 లోనూ 1962 లోనూ బంగారమే గెలిచిన మనకు ఆనాడు కంచు అంటే కొంచెం తక్కువగానే తోచి ఉంటుంది. ఆ తరవాత ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్ళీ ఏ పతకమూ రాలేదు. ఆయనకు అర్జున బహుమానం వచ్చింది కూడా ఆ ఏడే.

ఆయనతో కలకత్తా వెళ్ళిన హబీబ్ కూడా బాంగ్‌కాక్‌లో ఉన్నాడు. హబీబ్ ఫార్వర్డు. 1977 లో ప్రపంచ ప్రసిద్ధుడైన పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు, మోహన్ బగాన్ తరఫున హబీబ్ ఒక గోలు కొట్టాడు. ఆట 2–2 గా ముగిసింది. ఇప్పటికీ హబీబ్ పేరు వస్తే అందరూ ముందు ఆ గోలు సంగతే చెబుతారు. తప్పేమీ లేదు, గొప్ప గోలే. బాక్‌కు అటువంటి జ్ఞాపకం ఒకటి మిగలటం కష్టం.

అయితే బాక్‌కు దొరికేది ఒకటి ఉంది. ఫార్వర్డుకు ఎదురుగా గోలు కనిపిస్తుంది, మిగతా ఆట చాలామటుకు వీపు వెనక ఉంటుంది. బాక్‌కు మైదానం అంతా ఎదురుగా పరిచినట్టు ఉంటుంది. తనవాళ్ళు ఎక్కడ ఖాళీ వదిలారు, ఎదుటివాళ్ళలో ఎవడు అలిసిపోయాడు, బంతి ఇక ఎటు పోతుంది, ఇవన్నీ చూస్తూ ముందువాళ్ళకు కేకవేసి చెప్పటం అతడి పనిలో భాగమే. ఏళ్ళతరబడి ఇలా చూసినవాడు సగం కోచ్ అయినట్టేనని నా అభిప్రాయం.

ఆట మానినాక నయీముద్దీన్ కోచ్ అయి, తను ఆడిన క్లబ్బులకే తిరిగి వెళ్ళాడు. 1990 లో ఆయన చేతికింద ఈస్ట్ బెంగాల్ ఒకే సంవత్సరంలో ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండు కప్పు, రోవర్స్ కప్పు మూడూ గెలిచింది. ఆ ఏటికే ఆయనకు ద్రోణాచార్య బహుమానం ఇచ్చారు. ఫుట్‌బాల్ నేర్పేవాళ్ళలో అది మొదట అందుకున్నది ఆయనే. ఆటగాడుగా అర్జునుడూ, గురువుగా ద్రోణుడూ! ఒకే మనిషి ఆ రెండూ కావటం భారతంలో కూడా లేదు.

గురువుగా ఆయన మెత్తనివాడు కాదు. వేళ తప్పితే ఊరుకునేవాడు కాదు. ఆటగాడు ఎంత పేరున్నవాడైనా సరే, కసరత్తు తగ్గించుకునేందుకు లేదు. ఏం తింటున్నాడో కూడా కనిపెట్టి ఉండేవాడు. దీని మూలాన కొందరు ఆటగాళ్ళు ఆయనమీద సణిగిన మాట నిజమే. మరీ అంత కట్టుదిట్టం అవసరమా అని మీలో కొందరికి తోచవచ్చు. నేను వాళ్ళతో పోట్లాడను. కాని బాక్‌గా పెరిగినవాడి మనసు ఎలా పనిచేస్తుందో ఆలోచించండి. ఫార్వర్డు తొమ్మిదిసార్లు తప్పి పదోసారి గోలు కొడితే భుజాన ఎక్కించుకుంటారు. బాక్ తొమ్మిదిసార్లు కాపాడి పదోసారి తప్పితే తిడతారు. పదింటికి పదీ సరిగా ఉండాలన్న పట్టుదల అతడికి కొత్తగా వచ్చేది కాదు.

1997 లో ఖాట్మండులో జరిగిన దక్షిణాసియా దేశాల పోటీకి భారతజట్టు ఆయన శిక్షణలోనే వెళ్ళి, ఫైనలులో మాల్దీవులను 5–1 తో ఓడించింది. 2005 లో మళ్ళీ ఆయనకే జట్టు అప్పగించారు. ఆ డిసెంబరులో కరాచీలో అదే పోటీ ఫైనలులో మనవాళ్ళు బంగ్లాదేశ్‌ను 2–0 తో ఓడించి కప్పు తెచ్చారు. దక్షిణాసియాలో గెలవటం వేరు, ఏషియా అంతటితో తలపడటం వేరు. రెండు నెలలు తిరిగిందో లేదో, 2006 ఫిబ్రవరిలో జపాను మనమీద 6 గోల్సు కొట్టింది, మనం ఒక్కటీ కొట్టలేదు. 1970 లో సున్న దగ్గిర ఆగిన జపానే అది! ఆ ముప్పైఆరేళ్ళలో వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో, మనం ఎక్కడ ఉన్నామో రెండు ఆటలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండు ఆటల్లోనూ మనవైపు ఆయనే ఉన్నాడు, ఒకదానిలో కెప్టెన్‌గా, ఇంకోదానిలో కోచ్‌గా. ఆ ఏడే ఆయన స్థానంలో ఇంగ్లండునుంచి బాబ్ హౌటన్ వచ్చాడు.

నయీముద్దీన్‌కు ఢాకా కొత్త ఊరు కాదు. అక్కడి బ్రదర్స్ యూనియన్ అనే క్లబ్బుకు అంతకుముందే కోచ్‌గా పనిచేసి ఉన్నాడు. కరాచీలో ఆయన జట్టు చేతిలో 2–0 తో ఓడిన బంగ్లాదేశ్, 2007 లో తమ దేశపు జట్టుకు ఆట నేర్పమని ఆయన్నే పిలిచింది. ఆయన వెళ్ళాడు.