ఆంగ్ల సంభాషణ బోధనలో అరుదైన పూలు - అంబర్‌పేట్ పరిసరాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
ఆంగ్ల తరగతిలో విద్యార్థి మౌనానికి పదాల కొరత ఒక్కటే కారణం కాదు. చెప్పవలసిన విషయం లేకపోవడం కూడా కారణమే. అరుదైన పువ్వు ఆ విషయాన్ని ఎలా సమకూరుస్తుందో, అందులో తెలుగు పూలపేర్ల పాత్ర ఏమిటో అంబర్‌పేట్, ఉప్పల్, నాచారం ప్రాంతాల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఆంగ్లబోధన, సంభాషణ, పూలపేర్లు, మాతృభాష, బతుకమ్మ.

1. ఉపోద్ఘాతం:
తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి 1 మొదలు 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండేలా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పుస్తకం రెండు భాషల్లో ఉన్నంత మాత్రాన విద్యార్థి నోరు విప్పుతాడని చెప్పలేం. అంబర్‌పేట్ నుంచి ఉప్పల్, నాచారం దాకా తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. వారిలో చాలామందికి ఆంగ్లం బడిలో మాత్రమే వినిపించే భాష. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా ఆరంభమై నేడు విశ్వవిద్యాలయంగా ఉన్న ఇఫ్లూ ఈ ప్రాంతానికి పక్కనే, తార్నాకలో ఉంది. అయినా పొరుగు బడిలోని పిల్లవాడికి ఆంగ్లంలో మాట్లాడటమంటే ఇంకా బెరుకే.

2. మాట ఎందుకు పుడుతుంది?:
ఉపాధ్యాయుడు గులాబీని చూపి దాని రంగేమిటని అడుగుతాడు. 'రెడ్' అన్న ఒక్క మాటతో సంభాషణ ముగుస్తుంది. జవాబు అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. అది పరీక్షే తప్ప సంభాషణ కాదు.

ఒకరికి తెలిసింది మరొకరికి తెలియనప్పుడే మాట అవసరమవుతుంది. 1979-84 మధ్య బెంగళూరు కేంద్రంగా దక్షిణ భారత పాఠశాలల్లో ఎన్.ఎస్. ప్రభు నిర్వహించిన బోధనా ప్రయోగానికి ఈ అవగాహనే ఆధారం. ఆయన తరగతి కృత్యాలను సమాచార అంతరం, తార్కిక అంతరం, అభిప్రాయ అంతరం అని మూడు విధాలుగా విభజించారు. అరుదైన పువ్వు ఈ మూడింటికీ అనువైన వస్తువు.

3. మూడు కృత్యాలు:

3.1 సమాచార అంతరం: కృష్ణకమలాన్ని గుడ్డసంచిలో ఉంచి ఒక విద్యార్థికి మాత్రమే చూపాలి. మిగిలినవారు ప్రశ్నలడిగి దాని బొమ్మ గీయాలి. రెక్కలుగా కనిపించేవి పది, వాటిపై వలయంగా సన్నని తంతువులు, నడుమ ఐదు కేసరాలు, వాటిపైన మూడు కీలాగ్రాలు. ఇంతటి నిర్మాణాన్ని ఒక్క మాటలో చెప్పడం సాధ్యం కాదు. 'హౌ మెనీ', 'వేర్', 'అబవ్', 'అరౌండ్' వంటి మాటలు వ్యాకరణ పాఠంగా కాక అవసరంగా వస్తాయి.

3.2 తార్కిక అంతరం: నీలి శంఖుపూలను గోరువెచ్చని నీటిలో వేస్తే నీరు నీలంగా మారుతుంది. అందులో నిమ్మరసం పిండితే ఊదారంగుకు తిరుగుతుంది. పూలలోని ఆంథోసయనిన్ అనే రంగుద్రవ్యం ఆమ్లం తగిలినప్పుడు రంగు మార్చుకోవడమే దీనికి కారణం. నిమ్మరసం పిండబోయే ముందు ఏమవుతుందో ఊహించమంటే 'ఇఫ్', 'విల్', 'బికాజ్' లతో వాక్యాలు కట్టక తప్పదు. ఊహ తప్పినా నష్టం లేదు, దానిపైన మరో ప్రశ్న పుడుతుంది.

3.3 అభిప్రాయ అంతరం: శివాలయాల ఆవరణల్లో కనిపించే నాగలింగ వృక్షం దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దాని పూలు చెట్టు మాను మీదే పూస్తాయి. పువ్వులో పడగ వంటి భాగం కిందకు వంగి ఉంటుంది. మనవారికి అందులో లింగానికి గొడుగు పట్టిన నాగు కనిపించింది. ఆంగ్లంలో దాని పేరు 'కెనన్‌బాల్ ట్రీ', అంటే ఫిరంగిగుండు చెట్టు. తెలుగు పేరు పువ్వును చూసి పెట్టింది, ఆంగ్లపేరు గుండ్రని కాయను చూసి పెట్టింది. ఏ పేరు తగినదన్న ప్రశ్నకు తప్పు జవాబు లేదు. అందువల్ల తప్పు భయమూ తగ్గుతుంది.

4. పేర్ల మధ్య ప్రయాణం:
పై ఉదాహరణ ఒక్కదానితో ఆగేది కాదు. మనం శంఖమని చూసిన పువ్వును ఆంగ్లేయులు సీతాకోకచిలుకగా చూసి 'బటర్‌ఫ్లై పీ' అన్నారు. సాయంకాలం విచ్చుకునే చంద్రకాంతకు మనం చంద్రుణ్ణి జోడిస్తే, వారు గడియారాన్ని జోడించి 'ఫోర్ ఓ క్లాక్' అన్నారు. కోడిజుట్టు పువ్వు మాత్రం ఆంగ్లంలోనూ 'కాక్స్‌కోంబ్', అంటే కోడిజుట్టే. రెండు జాతులు ఒకే పోలికను చూశాయి.

ఇక్కడ మాతృభాష ఆంగ్లానికి అడ్డంకి కాదు, ముడిసరుకు. తెలుగు పేరు తెలిసిన విద్యార్థికి తరగతిలో చెప్పడానికి ఒక విషయం ఉంటుంది. ఉర్దూ, హిందీ పేర్లు చెప్పగల తోటివారికీ అదే అవకాశం దక్కుతుంది. ఆంగ్ల తరగతిలో తెలుగు వినపడకూడదన్న నియమం ఈ సంపదను గుమ్మం బయటే వదిలేయిస్తుంది.

5. అరుదు అంటే ఏమిటి?:
అరుదుదనం పువ్వులో లేదు, చూసేవారి అనుభవంలో ఉంది. పల్లెలో బీడుభూముల వెంట పెరిగే గునుగు, నగరంలో పుట్టిన పిల్లలకు బతుకమ్మ రోజుల్లో తప్ప కనిపించదు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ, తంగేడు రాష్ట్ర పుష్పం అయ్యాయి. అంబర్‌పేట్‌లో బతుకమ్మ పేరుతోనే ఉన్న కుంట 2025లో పునరుద్ధరణకు నోచుకుంది. పండుగకు పూలు కొనితెచ్చే ఇంట్లో వాటి సంగతులు తెలిసినవారు నానమ్మలు, అమ్మమ్మలు. గునుగు ఎక్కడ పూస్తుంది, ఎలా కోస్తారు, రంగు ఎలా అద్దుతారు అని పిల్లలు ఇంట్లో తెలుగులో అడిగి, మరునాడు తరగతిలో ఆంగ్లంలో చెప్పాలి. ఆ సమాచారం ఉపాధ్యాయుడికీ కొత్తదే కావచ్చు. అప్పుడు ఆయన అడిగే ప్రశ్న నిజమైన ప్రశ్న అవుతుంది. అక్షరం రాని నానమ్మ మనవరాలి ఆంగ్ల పాఠానికి ఆధారమవుతుంది.

6. జాగ్రత్తలు - పరిమితులు:
ఉమ్మెత్త, గన్నేరు, అడవినాభి విషపూరితాలు కనుక తరగతికి తేకూడదు. పుప్పొడి పడని పిల్లల విషయం ముందే తెలుసుకోవాలి. కొమ్మలు విరవకుండా రాలిన పూలు ఏరుకోవడం మేలు. విద్యార్థి మాట్లాడుతుండగా ప్రతి తప్పునూ దిద్దితే మళ్లీ మౌనమే మిగులుతుంది. దోషాలను గుర్తుంచుకొని చివర పది నిమిషాల్లో అందరికీ కలిపి చెప్పాలి. పువ్వు మాటను మొదలుపెట్టగలదు కానీ భాషంతా నేర్పలేదు. చెప్పినదాన్ని నాలుగైదు వాక్యాల్లో రాయించినప్పుడే ఫలితం నిలుస్తుంది.

7. ముగింపు:
- తెలిసిన జవాబును రాబట్టే ప్రశ్న కన్నా తెలియనిదాన్ని తెలుసుకునే ప్రశ్న సంభాషణను పెంచుతుంది.
- అరుదైన పువ్వు సమాచార, తార్కిక, అభిప్రాయ అంతరాలు మూడింటినీ తక్కువ ఖర్చుతో కల్పిస్తుంది.
- తెలుగు పూలపేర్లలోని పోలికలు ఆంగ్ల సంభాషణకు వస్తువవుతాయి.
- ఇంటి పెద్దల జ్ఞానానికి తరగతిలో స్థానం దొరుకుతుంది.

ఆంగ్లమాధ్యమంలో చేరిన విద్యార్థి తనకు తెలిసినదంతా పనికిరానిదని భావించి మౌనం వహించడం అన్నిటికన్నా పెద్ద నష్టం. తన ఇంటి పువ్వు గురించి పరాయి భాషలో నాలుగు మాటలు చెప్పగలిగిననాడు అతడికి ఆంగ్లమూ దక్కుతుంది, తెలుగూ మిగులుతుంది.