వాణిజ్య ఆంగ్లం – అంతర్జాల గురువు

పాఠ్యభాగ ఉద్దేశం

వాణిజ్య వ్యవహారాలలో వాడే ఆంగ్ల పదాలను అర్థంతో పాటు ప్రయోగాన్నీ తెలుసుకొని నేర్చుకోవలసిన అవసరాన్ని, ఆ అభ్యాసంలో అంతర్జాలం ద్వారా అందే గురువు సాయం ఏ విధంగా ఉపకరిస్తుందో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

క్రీ.శ. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఇకమీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం విదేశీ వర్తకులకు అభయమిచ్చింది. అందుకే అది మోటుపల్లి అభయ శాసనంగా ప్రసిద్ధి పొందింది. సరుకులన్నింటికీ కలిపి ఒక్కమాట చెప్పి ఊరుకోకుండా గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు మొదలైన వాటిని పేరుపేరునా పేర్కొని, దేనికి ఎంత సుంకమో అందులో చెక్కించారు. కావ్యంలో పదానికి ధ్వని అందాన్నిస్తుంది. వర్తకంలో పదానికి స్పష్టతే ప్రాణం. అక్కడ ఒక పదానికి రెండర్థాలు తోస్తే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు.

ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్నది. కంపెనీ వర్తకం పెరిగినకొద్దీ కోస్తా తీరంలో ‘దుబాసీ’కి ప్రాధాన్యం పెరిగింది. రెండు భాషలు తెలిసినవాడు అనే అర్థం గల ‘ద్విభాషి’ శబ్దమే వాడుకలో దుబాసీ అయింది. నేతగాడు చెప్పిన ధరను దొర చెవిన వేసేవాడు దుబాసీ. దొర పెట్టిన షరతును నేతగానికి చేరవేసేవాడూ అతడే. నడుమ ఏ మాట ఎలా మారిందో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. భాష రానివాడు మరొకరి నోటిని నమ్ముకోవలసిందే. ఆనాటి దుబాసీలు నేడు లేరు. అయినా కొత్తగా కొలువులో చేరి, చేతికి వచ్చిన ఆంగ్ల లేఖలో ఏమున్నదో పక్కవారిని అడిగి తెలుసుకొనే యువకుని స్థితి ఆ నేతగాని స్థితికి ఎంతో దూరం కాదు.

సరుకులతో పాటు పదాలు కూడా దేశాలు దాటి వస్తాయి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు వంటి పదాలు అరబ్బీ, పారసీ భాషల నుండి వచ్చి తెలుగువారి లెక్కల పుస్తకాలలో స్థిరపడ్డాయి. ఇటువంటి అన్యదేశ్యాల కోసమే సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. ఆంగ్లం నుండి బిల్లు, చెక్కు, అడ్వాన్సు, బ్యాలెన్సు వచ్చాయి. ఇవి మనకు ఎంతగా అలవాటైనవంటే ఇవి ఆంగ్ల పదాలన్న స్పృహ కూడా మనకు కలగదు. చిక్కు అక్కడే ఉంది. తెలుగులో స్థిరపడిన ఆంగ్ల పదానికి ఆంగ్లంలోని అర్థమే ఉండాలన్న నియమం లేదు.

‘బిల్లు’నే తీసుకొందాం. డబ్బు కట్టమని దుకాణదారు ఇచ్చే కాగితాన్నీ, కట్టిన తరువాత ఇచ్చే కాగితాన్నీ మనం బిల్లు అనే అంటాం. వాణిజ్య ఆంగ్లంలో మొదటిది ‘ఇన్వాయిస్’, రెండవది ‘రిసీట్’. ఇన్వాయిస్ సొమ్ము రావలసి ఉన్నదని తెలుపుతుంది. రిసీట్ సొమ్ము ముట్టినదని ఒప్పుకొంటుంది. ఒకదానికి బదులు మరొకదాన్ని పంపినవాడు, చేతికి రాని సొమ్మును వచ్చినట్లు వ్రాసి ఇచ్చినవాడవుతాడు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన నాటి నుండి ‘ట్యాక్స్ ఇన్వాయిస్’ అనే మాట చిన్న వ్యాపారుల గడపలోకి కూడా ప్రవేశించింది. ‘అడ్వాన్సు’ సంగతీ ఇటువంటిదే. ఇల్లు అద్దెకు తీసుకొనేటప్పుడు ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి తీసుకొనే సొమ్మును మనం అడ్వాన్సు అంటాం. ఆంగ్లంలో అది ‘డిపాజిట్’. చెల్లించవలసిన ధరలో కొంత భాగాన్ని ముందుగా ఇస్తే అది ‘అడ్వాన్స్’. తిరిగి వచ్చే సొమ్ముకూ, ధరలో కలిసిపోయే సొమ్ముకూ గల భేదం ఆ ఒక్క పదంలో ఉంది.

ఇందుకు విరుద్ధంగా, ఆంగ్లంలో సులభమని తోచే పదాలు వ్యాపారంలో వేరే అర్థాన్ని ధరిస్తాయి. ‘ఇంట్రెస్ట్’ అంటే ఆసక్తి అని చదివిన విద్యార్థికి బ్యాంకులో అది వడ్డీగా ఎదురవుతుంది. కళాశాలకు పెద్ద అయిన ‘ప్రిన్సిపల్’ అప్పుపత్రంలో అసలు సొమ్ము అవుతుంది. తెలుగులో ‘అసలు’ పదమూ ఇటువంటిదే కదా! “అసలు విషయం చెప్పు” అన్నప్పుడు ఒక అర్థం. “అసలు తీరింది, వడ్డీ మిగిలింది” అన్నప్పుడు మరొక అర్థం. సందర్భాన్ని బట్టి అర్థాన్ని పట్టుకొనే నేర్పు తెలుగు విద్యార్థికి తన భాషలోనే అలవడి ఉంది. ఆ నేర్పును ఆంగ్లానికి కూడా ఉపయోగించుకోవాలి.

పదం ఒంటరిగా బ్రతకదు. దానికి నేస్తాలుంటాయి. మనం బేరం ‘ఆడుతాం’, అప్పు ‘చేస్తాం’, లెక్క ‘చూస్తాం’, వడ్డీ ‘కడతాం’. సంతలో పశువు ఇంత ధర ‘పలికింది’ అంటాం. అప్పు ఆడామని, బేరం కట్టామని ఎవరూ అనరు. ఒక పదం అర్థాన్ని దాని సహవాసాన్ని బట్టి గ్రహించాలన్న భావానికి ఇరవయ్యవ శతాబ్దపు భాషాశాస్త్రంలో ప్రాచుర్యం కల్పించినవారు జె.ఆర్. ఫర్త్. ఆయన లండనులో ఆచార్యపదవిని అలంకరించడానికి పూర్వం, 1920వ దశకంలో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆంగ్లాచార్యులుగా పనిచేశారు. ఆంగ్లంలో కొనుగోలుదారు ఆర్డరును ‘ప్లేస్’ చేస్తాడు. విక్రేత గడువును ‘మీట్’ అవుతాడు. ఇద్దరూ ఒక ఒప్పందానికి ‘రీచ్’ అవుతారు. ఆర్డర్, డెడ్‌లైన్, అగ్రిమెంట్ అనే పదాలను వేరువేరుగా వల్లించినవానికి ఈ జంటలు తెలియవు.

క్రియాపదం తారుమారైతే వ్యవహారమే తలక్రిందులవుతుంది. తెలుగులో అప్పు ఇచ్చినా, అప్పు తీసుకొన్నా ‘అప్పు’ అనే నామవాచకం మారదు. ఆంగ్లంలో ఇచ్చేవానికి ‘లెండ్’, తీసుకొనేవానికి ‘బారో’ అని రెండు వేరు క్రియలున్నాయి. వీటిని మార్చి వ్రాస్తే ఋణదాత ఋణగ్రస్తుడవుతాడు. బ్యాంకు నుండి చరవాణికి వచ్చే సందేశంలో ఖాతా నుండి సొమ్ము పోతే ‘డెబిట్’ అని, వచ్చి చేరితే ‘క్రెడిట్’ అని ఉంటుంది. ఆ రెండింటి భేదం తెలియనివాడు తన సొమ్ము పోయిన సంగతిని కూడా సకాలంలో గ్రహించలేడు.

అంకెలలోనూ మెలకువ అవసరం. మన పది లక్షలు ఆంగ్ల వాణిజ్యంలో ఒక మిలియన్. నూరు కోట్లు ఒక బిలియన్. మనం 10,00,000 అని వ్రాసేదాన్ని వారు 1,000,000 అని వ్రాస్తారు. తేదీ విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. 05/06 అని వ్రాస్తే మనకు అది జూన్ 5; అమెరికా వర్తకునికి మే 6. మే మొదటి వారానికి చేరవలసిన సరుకు జూన్‌లో చేరితే తప్పు ఓడది కాదు, ఉత్తరానిది. అందుచేత వాణిజ్య లేఖలలో నెల పేరును అక్షరాలలో వ్రాయడం మేలు.

ఇన్ని మెలకువలను నిఘంటువు ఒక్కటే నేర్పలేదు. నిఘంటువు పదానికి అర్థం చెబుతుంది. విద్యార్థి వ్రాసిన వాక్యాన్ని చదవదు. చదివి, తప్పు చూపి, కారణం చెప్పేవాడు గురువు. దూరాన ఉన్న గురువు ఈ పని చేయడం కొత్త సంగతి కాదు. 1840లో ఇంగ్లండులో పెన్నీ తపాలా మొదలైన కాలంలోనే ఐజాక్ పిట్‌మన్ తన సంక్షిప్త లిపిని తపాలా ద్వారా బోధించాడు. విద్యార్థులు అభ్యాసాలు వ్రాసి పంపేవారు. అవి దిద్దుబాటు పొంది తిరిగి వచ్చేవి. ఆ విద్య అనేకులకు కార్యాలయాలలో జీవనోపాధి కల్పించింది. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. కేంద్ర ప్రభుత్వం 2017లో ‘స్వయం’ అనే అంతర్జాల వేదికను ప్రారంభించింది. 2020లో కరోనా వలన విద్యాలయాలు మూతపడినప్పుడు అంతర్జాల బోధన ఇంటింటి మాట అయింది. సాధనాలు మారినా సూత్రం మారలేదు. వ్రాసినది గురువుకు చేరాలి. దిద్దినది శిష్యునికి తిరిగి రావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు మిర్చిని ఎగుమతి చేసే ఒక సంస్థలో ఒక యువకుడు గుమాస్తాగా చేరాడనుకొందాం. విదేశీ వర్తకుడు ‘కొటేషన్’ కోరుతూ లేఖ వ్రాస్తాడు. కొటేషన్ అంటే ఈ ధరకు సరుకు ఇస్తామని తెలిపే పత్రం; ‘ఎస్టిమేట్’ అంటే ఇంత కావచ్చునన్న అంచనా. ధర ‘ఎఫ్.ఓ.బి.’ అయితే సరుకును ఓడకెక్కించే వరకే విక్రేత ఖర్చు, ‘సి.ఐ.ఎఫ్.’ అయితే గమ్యపు రేవు వరకు ఓడ కిరాయి, బీమా కూడా అతనివే. ఈ పరిభాషను అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో తొలిసారిగా క్రోడీకరించింది. మూడు అక్షరాలు మారితే కిరాయి భారం ఒకరి నెత్తి నుండి మరొకరి నెత్తికి మారుతుంది.

ఆ లేఖకు యువకుడు జవాబు వ్రాసి రాత్రివేళ గురువుకు పంపుతాడు. అందులో ‘డిస్కస్ ఎబౌట్ ద ప్రైస్’ అని ఉంటుంది. గురువు ‘ఎబౌట్’ను కొట్టివేసి కారణం వ్రాస్తాడు: “ధర గురించి చర్చిద్దాం అనే తెలుగు వాక్యంలోని ‘గురించి’ ఇక్కడికి వచ్చి చేరింది. ‘డిస్కస్’లోనే ఆ అర్థం ఇమిడి ఉంది.” మరొకచోట ‘ఇన్ఫర్మేషన్స్’ అని ఉంటుంది. తెలుగులో వివరం, వివరాలు అని ఏకవచన బహువచనాలు ఉన్నా, ఆంగ్లంలో ఆ పదానికి బహువచనం లేదని చెబుతాడు. చివర ‘ప్లీజ్ రివర్ట్’ అని ఉంటుంది. మన కార్యాలయాలలో దానిని జవాబివ్వండి అనే అర్థంలో వాడుతున్నారని, పూర్వస్థితికి మరలడమే దాని పాత అర్థమని, విదేశీ వర్తకునికి ‘రిప్లై’ అని వ్రాయడం మంచిదని సూచిస్తాడు. తరువాత మళ్ళీ వ్రాసి పంపమంటాడు. ఉచ్చారణ సందేహాలను ధ్వని సందేశంతో తీరుస్తాడు. ఆదివారం ప్రత్యక్ష తరగతిలో ఇద్దరు విద్యార్థులను కొనుగోలుదారుగా, విక్రేతగా నిలిపి బేరం ఆడిస్తాడు. తరగతి గదిలో నలుగురి ముందు తప్పు పలకడానికి జంకే విద్యార్థి, గురువు ఒక్కనికే పంపే వాక్యంలో జంకు లేకుండా తప్పు చేయగలడు. తప్పు చేయగలిగినప్పుడే దిద్దుకోవడం సాధ్యమవుతుంది.

నేర్చిన పదం నిలవాలంటే ఆవృత్తి అవసరం. మరపు తీరును జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తనపైనే ప్రయోగించుకొని పరిశీలించి 1885లో ప్రకటించాడు. నేర్చినదానిలో అధికభాగం తొలి గంటలలో, తొలి రోజులలోనే జారిపోతుందని, ఆపై మరపు వేగం తగ్గుతుందని తేల్చాడు. కాబట్టి ఒకేసారి నూరు పదాలు వల్లించడం కంటె రోజుకు ఐదారు పదాలను నేర్చి, మరునాడు, మూడవనాడు, వారం తరువాత, నెల తరువాత తిరిగి చూడడం మేలు. ప్రతి పదం ప్రక్కన దాని అర్థంతో పాటు దాని జంట పదాన్ని, తాను స్వయంగా కూర్చిన ఒక వాక్యాన్ని వ్రాసుకోవాలి.

ఈ మార్గానికి ఇబ్బందులూ ఉన్నాయి. ఇంటికి ఒకే చరవాణి ఉన్నచోట చదువుకు అది దొరికే వేళ తక్కువ. ముందే చిత్రించిన ఉపన్యాసాలను పంపి ఊరుకోవడం బోధనే కాదు. అది మాట్లాడే పుస్తకం మాత్రమే. 2022 తరువాత కృత్రిమ మేధ సాధనాలు విస్తరించి, లేఖ మొత్తాన్ని క్షణంలో దిద్ది ఇస్తున్నాయి. వాటితో అభ్యాసం చేయవచ్చు. కారణం అడిగి తెలుసుకోవచ్చు. కాని ఎందుకు దిద్దబడినదో అడగకుండా ఆ లేఖను అలాగే పంపేవాడు కొత్త దుబాసీని నియమించుకొన్నవాడే. సొంత తీర్పు లేని చోట లేఖలో ‘లెండ్’ ఉన్నదో ‘బారో’ ఉన్నదో అతనికి పట్టదు. సంతకం మాత్రం అతనిదే, నష్టమూ అతనిదే.

ఉపనయనం అనే మాటకు దగ్గరకు తీసుకొనిపోవడం అని అర్థం. శిష్యుని గురువు దగ్గరకు చేర్చడమే ఆ సంస్కారం. వందల మైళ్ళ దూరాన ఉన్నా శిష్యుని వాక్యానికి దగ్గరగా వచ్చి, తప్పు దగ్గర వేలు పెట్టి చూపే గురువు సమీపంలో ఉన్నట్లే. అటువంటి గురువు తుది లక్ష్యం తన అవసరం తీరిపోవడమే. శిష్యుడు తనకు వచ్చిన లేఖను తానే చదివి, ఏ పదం తనను దేనికి కట్టుబడేలా చేస్తున్నదో తానే గ్రహించి, ఆ తరువాత సంతకం చేసిన నాడు ఆ చదువు సార్థకమవుతుంది.

ప్రశ్నలు

1. మోటుపల్లి శాసనాన్ని అభయ శాసనం అని ఎందుకు అంటారు? వర్తకంలో పద స్పష్టతకు అది ఎలా ఉదాహరణగా నిలుస్తుంది?
2. ‘ఇన్వాయిస్’, ‘రిసీట్’ పదాల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
3. “పదం ఒంటరిగా బ్రతకదు” – ఈ వాక్యాన్ని తెలుగు, ఆంగ్ల ప్రయోగాలతో సమర్థించండి.
4. దుబాసీ ప్రస్తావన ఈ పాఠంలో ఏయే సందర్భాలలో వచ్చింది? దాని ఆంతర్యం ఏమిటి?
5. మీ ఇంటిలో లేదా మీ వీధి దుకాణంలో వినిపించే ఐదు వాణిజ్య పదాలను సేకరించి, వాటితో జంటగా వచ్చే క్రియలను వ్రాయండి.