పాలిషు: రాతికి వన్నె, గింజకు లోటు

ఖమ్మము పట్టణపు పరిసరములలో గ్రానైటు పలకలకు పాలిషు పట్టు కర్మాగారములు పెక్కులు కలవు. గుట్టనుండి తెచ్చిన బండను యంత్రపు రంపముతో పలకలుగా కోసి, ఎడతెగక నీరు పారించుచు, మొదట గరుకురాతితోను, పిదప అంతకంతకు సన్ననివానితోను రుద్దగా రుద్దగా, ఆ నల్లని శిల ముఖము చూచుకొనదగినంతగా నిగనిగలాడును. గరుకుదనము తొలగుటచేత రాతికి లోటేమియు లేదు. దానియందు దాగియున్న సౌందర్యమే వెలికివచ్చును.

బియ్యపు పాలిషు సంగతి వేఱు. మరలో మొదట ఊక విడిపోగా మిగులునది ముడిబియ్యము. దానిపై నున్న సన్నని గోధుమవన్నె పొరను పాలిషుయంత్రము రాపిడిచే ఒలిచివేయగా, తెల్లని గింజ యొకవైపునకును తవుడు వేఱొకవైపునకును పోవును. 100 కిలోల ధాన్యమునందు ఊక సుమారు 20 కిలోలు, తవుడు 8 మొదలు 10 కిలోల వఱకు నుండును. ఆ తవుడుతోడనే పీచును, బి1 విటమినులో అధికభాగమును మనుష్యుని కంచము విడిచి పశువుల తొట్టిని చేరుచున్నవి.

ఈ నష్టము ఊహామాత్రము కాదు. 1890 తరువాతి యేండ్లలో జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యము మేసిన కోళ్లకు కాళ్లు చచ్చుపడుటయు, పొర తీయని బియ్యము పెట్టినంతనే అవి కోలుకొనుటయు కనిపెట్టి, 1929లో నోబెల్ బహుమానమునందు భాగమందెను. ఆ కోళ్ల జబ్బును పోలి మనుష్యులకు వచ్చు బెరిబెరి వ్యాధి, మరపట్టిన పచ్చిబియ్యము ప్రధానాహారమైన మన సర్కారు జిల్లాలను సయితము పీడించినది. ఉప్పుడు బియ్యము తినువారికి ఆ బాధ తక్కువ. వడ్లను ఉడికించునపుడు పొరలోని విటమిను కొంత గింజలోనికి ఇంకుటయే అందులకు కారణము.

భద్రాచలమునందు, శ్రీరామనవమి కల్యాణమునకై భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు సమర్పించుదురు. గోటితో నొలిచిన గింజకు ఊక మాత్రమే పోవును, పొర చెక్కుచెదరదు. రోకటిపోటుతో దంచిన బియ్యమునను ఆ పొర కొంత నిలుచును. దేవుని తలంబ్రాలకు తగిన నిండు గింజ మన బిడ్డల అన్నమునకు తగకుండునా?

కావున చదువరులారా, మరవద్ద పాలిషు తగ్గించి పట్టుమని అడుగుడు. తవుటి నూనెచే ముడిబియ్యము త్వరగా ముక్కవాసన పట్టును గనుక కొలదికొలదిగా పట్టించుకొనుడు, ముందుగా నానబెట్టి వండుడు, గంజి పాఱబోయకుడు. మెఱుపు రాతికి చాలును, అన్నమునకు వలసినది బలము.