ఎనిమిది కెమెరాలకు 65 వాట్లు చాలవా?

పగలంతా ఎనిమిది సీసీ కెమెరాలూ బాగానే పనిచేస్తాయి. చీకటి పడగానే ఒకటి ఆగిపోతుంది. కాసేపటికి వస్తుంది, మళ్లీ పోతుంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు కెమెరా మార్పిస్తారు. కొత్తదీ అదే తంతు. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది మెట్ల కింద డబ్బాలో ఉన్న స్విచ్‌ని.

దాన్ని పీఓఈ స్విచ్ అంటారు, అంటే పవర్ ఓవర్ ఈథర్‌నెట్. వీడియో వచ్చే కేబుల్‌లోనే కెమెరాకు కరెంటూ పంపుతుంది. గోడకు కెమెరా బిగించిన ప్రతిచోటా ప్లగ్ పాయింటూ, అడాప్టరూ అక్కర్లేదు. కరెంటు పోయినా ఈ స్విచ్‌కీ, రికార్డర్‌కీ ఒక యూపీఎస్ పెడితే అన్ని కెమెరాలూ నడుస్తాయి.

దారిలో పోయే 2.45 వాట్లు

2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు. కెమెరాకు దక్కుతుందని హామీ ఉన్నది 12.95 వాట్లే. మిగతాది కేబుల్ తినేస్తుంది. 100 మీటర్ల కేబుల్‌లో కరెంటు పోయి రావడానికి నిరోధం 20 ఓమ్‌ల దాకా ఉండొచ్చని ప్రమాణం లెక్క వేసుకుంది. 0.35 ఆంపియర్లను వర్గం చేసి 20తో గుణిస్తే 2.45 వాట్లు. అదంతా వేడి.

2009 నాటి 802.3ఏటీలో పోర్టు దగ్గర 30 వాట్లు, అవతలి కొసన 25.5. 2018లో వచ్చిన 802.3బీటీలో 90, 71.3. ఇంటి ముందు పెట్టే మామూలు కెమెరాకు మొదటిది చాలు. అటూ ఇటూ తిరిగే పీటీజెడ్ కెమెరాలకు తరచుగా రెండోది కావాలి.

రాత్రి లెక్క వేరు

మన స్విచ్‌కి 8 పోర్టులు, మొత్తం బడ్జెట్ 65 వాట్లు అనుకుందాం. ఎనిమిది పోర్టులూ ఒకేసారి 15.4 వాట్లు ఇవ్వాలంటే 123.2 కావాలి. అంటే పెట్టెలో ఉన్నది సగానికి కాస్త ఎక్కువ. పగలు ఒక్కో కెమెరా 5 వాట్లు తీసుకుంటే మొత్తం 40, ఇబ్బంది లేదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి అది 9 వాట్లయితే 72. స్విచ్ ఏదో ఒక పోర్టుకు కరెంటు ఆపక తప్పదు. దొంగ వచ్చే వేళకే కెమెరా కళ్లు మూసుకుంటుందన్నమాట.

వీడియోతో ఈ తిప్పలు లేవు. కెమెరాకు 4 ఎంబీపీఎస్ చొప్పున ఎనిమిదింటికి 32. రికార్డర్‌కి వెళ్లే 100 ఎంబీపీఎస్ లైను దాన్ని సులువుగా మోస్తుంది.

తీగలో మోసం

చవగ్గా దొరికే సీసీఏ కేబుల్ పైకి రాగిలా మెరుస్తుంది, లోపల అల్యూమినియం. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు పైనే. దూరం పెరిగేకొద్దీ కెమెరాకు అందే వోల్టేజీ పడిపోతుంది. అసలే ఇరుకైన లెక్క ఇంకా ఇరుకవుతుంది.

కొనేముందు ప్రతి కెమెరా పెట్టె మీద రాసిన గరిష్ఠ వాట్లు కూడండి, పాతిక శాతం కలపండి. ఇక్కడ 72కి 18 కలిపితే 90. స్విచ్ మీద పీఓఈ బడ్జెట్ అంతకంటే తక్కువుంటే, ఎన్ని పోర్టులున్నా అది మీకు పనికిరాదు.