నొప్పి లేని పుండు

రోగి చెప్పిన బాధను బట్టి వైద్యుడు వ్యాధిని ఊహిస్తాడు. కాని క్యాన్సర్ తొలిదశలో తరచుగా బాధ పెట్టదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యునికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. దగ్గు, అజీర్ణం, నీరసం, నోటిపూత అంటూ ఆయన వద్దకు నిత్యం ఎందరో వస్తారు. వారిలో క్యాన్సర్ ఉన్నవారు బహు కొద్దిమంది. అందరినీ పెద్దాసుపత్రికి పంపడం సాధ్యం కాదు. ఆ కొద్దిమందిని గుర్తించకపోతే ప్రాణాపాయం.

దగ్గునే తీసుకొందాం. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఎడతెగని దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే వైద్యుని ఆలోచన ముందుగా క్షయవైపే పోతుంది. అది సహజం కూడా. అయితే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ ఈ లక్షణాలే కనిపిస్తాయి. కఫంలో క్షయక్రిములు కనబడకున్నా క్షయ మందులు వాడి, గుణం లేదని తెలుసుకొనేసరికి విలువైన నెలలు గడచిపోతాయి.

నోటి క్యాన్సర్ సంగతి వేరు. దానిని అనుమానించడానికి యంత్రాలు అక్కరలేదు; మంచి వెలుతురు, శిక్షణ పొందిన కన్ను చాలు. ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో కొందరు స్త్రీలకు నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచి చుట్ట కాల్చే అలవాటు ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబారుతుంది. కొందరిలో కాలక్రమాన అక్కడే క్యాన్సర్ పుడుతుంది. నొప్పి లేదు గనుక వారు దానికోసం ఆసుపత్రికి రారు. జ్వరానికో కీళ్లనొప్పులకో వచ్చినపుడు నోరు తెరిపించి చూసే తీరిక, జనం కిక్కిరిసిన కేంద్రంలో వైద్యునికి చిక్కదు.

ఈ పని వైద్యుడే చేయాలా? కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో ఆరంభమైన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. పరీక్షలు జరగని ప్రాంతాలతో పోల్చినపుడు, పొగాకు లేదా మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గినట్లు 2005లో వెల్లడైంది. ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు జరపాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు జారీ చేసింది.

అనుమానం కలిగిన తరువాత మరొక అవరోధం. రెండు మూడు వారాలకూ మానని పుండు నుండి చిన్న ముక్క తీసి పరీక్షిస్తేగాని వ్యాధి నిర్ధారణ కాదు. ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న నిరాధారమైన భయం పల్లెలలోనే కాదు, పట్టణాలలోనూ ఉన్నది. దానికి తోడు పట్నం ప్రయాణం, పోయే కూలి. చీటీ రాసి పంపిన రోగి అక్కడికి చేరినదీ లేనిదీ విచారించేవారు లేకపోతే, ఆ చీటీ ఇంటి చూరులోనే ఉండిపోతుంది.