తెర మీది బొమ్మ, యంత్రంలోని ఆట

భిలాయి-3. రాత్రి ఒంటిగంటన్నర. చరోదా యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు దూరంగా వినిపిస్తున్నది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తాడు. రెండో షిఫ్టు ముగించుకొని వచ్చి, భోంచేసి ఇంకా పడుకోలేదు. కొడుకు ఫోనుకు కళ్ళప్పగించి కూర్చున్నాడు. ఆ రోజు తేదీ 2023 మే 25. అమెరికా పశ్చిమ తీరంలో ఇంకా 24వ తేదీ మధ్యాహ్నమే. ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ సంస్థ రాబోయే వీడియో గేములను గంటకు పైగా ప్రపంచానికి ప్రదర్శిస్తున్నది.

“నాన్నా, ఈ బొమ్మ చూడు! సినిమా కంటే బాగుంది. డబ్బు దాచుకొని ఇది కొనాల్సిందే.”

తండ్రి ఒక నిమిషం చూశాడు. “బాగుందిరా. మరి దీన్ని ఆడుతున్నది ఎవరు?”

చిన్న ప్రశ్నే. కానీ దానిలో చాలా శాస్త్రం ఉంది, కొంత ఇంటి లెక్కా ఉంది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు డిస్కు నమూనా ధర 49,990 రూపాయలు. ఆటల ఖర్చు అదనం. అంత సొమ్ము పెట్టాలనిపించేలా చేసే బొమ్మ ఎలా పుట్టిందో తెలుసుకోవడం మంచిది కదా!

సెకనులో అరవయ్యో వంతు

వీడియో గేములో కదలిక కూడా సినిమాలో కదలిక లాంటిదే. నిశ్చల చిత్రాలు వరుసగా, వేగంగా మారుతుంటే మన కన్ను దాన్ని కదలికగా భావిస్తుంది. సినిమాకు సెకనుకు 24 చిత్రాలు చాలు. ఆటల్లో సాధారణంగా 30 గాని 60 గాని ఉంటాయి.

60 చిత్రాలు అంటే ఒక్కో చిత్రానికి దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు, సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఈలోగా యంత్రం ఎన్ని పనులు చేయాలో చూడండి. మీ వేలు ఏ మీట నొక్కిందో తెలుసుకోవాలి. దాన్ని బట్టి బొమ్మ ఎటు కదలాలో, దేనికి తగులుతుందో లెక్క కట్టాలి. వెలుగు ఎటు పడుతుందో, నీడ ఎక్కడ వాలుతుందో తేల్చాలి. చివరకు తెరపై ప్రతి చుక్కకూ రంగు నిర్ణయించాలి. 4కె తెరలో అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 83 లక్షలు. ఈ పనంతా సెకనుకు 60 సార్లు జరగాలి.

యానిమేషన్ సినిమా తీసేవారికి ఈ తొందర లేదు. ఒక్క చిత్రాన్ని గీయడానికి కంప్యూటరుకు గంటలు పట్టినా నష్టం లేదు. ఒకసారి గీసి దాచుకుంటే చాలు. కథ ఎటు పోతుందో ముందే తెలుసు కదా! ఆటలో అలా కాదు. ఆడేవాడు కుడివైపు తిరుగుతాడో ఎడమవైపు తిరుగుతాడో తిరిగేదాకా యంత్రానికి తెలియదు.

మీరే చేసి చూడండి. నోటు పుస్తకం అంచున పేజీకొక బొమ్మ చొప్పున 24 గీసి, పేజీలను వేగంగా తిప్పండి. బొమ్మ చక్కగా నడుస్తుంది. ఇప్పుడు పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోండి. “కుడి”, “ఎడమ” అని అతడు చెప్పిన వెంటనే తరువాతి బొమ్మ గీయాలి. గీతలు వంకర పోతాయి, వివరాలు తగ్గిపోతాయి. మొదటిది సినిమా, రెండోది ఆట.

మూడు రకాల దృశ్యాలు

ప్రదర్శనల్లో కనిపించే దృశ్యాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది, తీరికగా ముందే గీసిపెట్టుకున్న యానిమేషన్. రెండోది, ఆటలోని బొమ్మలతోనే తయారైనా, ఎవరూ ఆడకుండా మంచి కోణాలు ఎంచుకొని తీసిన దృశ్యం. దీన్ని ‘ఇన్-ఇంజిన్’ అంటారు. మూడోది, ఎవరో నిజంగా ఆడుతుండగా తీసినది. ఇదే ‘గేమ్‌ప్లే’.

ఈ తేడా తెలియక పొరబడిన సందర్భం ఒకటుంది. 2005 మేలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఇ3 ప్రదర్శనలో సోనీ ‘కిల్‌జోన్’ అనే యుద్ధపు ఆట కొత్త భాగాన్ని చూపింది. అది ప్లేస్టేషన్ 3 యంత్రం గీసిన దృశ్యమేనని చాలామంది నమ్మారు. యంత్రం మాత్రం 2006 నవంబరులో గాని అమ్మకానికి రాలేదు. ఆ దృశ్యం ముందే తయారుచేసిన యానిమేషన్ అని తరువాత తేలింది. ఆట చేతికందింది 2009 ఫిబ్రవరిలో.

యంత్రం నిజంగానే గీసినా సరిపోదు. 2020 మేలో ఎపిక్ సంస్థ ప్లేస్టేషన్ 5పై ఒక గుహ దృశ్యాన్ని చూపింది. మూలంలో ఒక్కో చిత్రంలోని త్రిభుజాలు 100 కోట్లకు పైగా ఉన్నాయనీ, వాటిని సుమారు 2 కోట్లకు కుదించి అప్పటికప్పుడు గీస్తున్నామనీ వివరించింది. అది యంత్రం చేసిన పనే. అయితే అది సాంకేతిక శక్తిని చూపే నమూనా మాత్రమే, దుకాణంలో దొరికే ఆట కాదు.

ఒకే రాత్రి, రెండు దారులు

మళ్ళీ ఆ 2023 మే రాత్రికి వద్దాం. ఆ ప్రదర్శనలో ‘స్పైడర్-మ్యాన్ 2’ను ఆడుతున్న దృశ్యాన్ని పది నిమిషాలకు పైగా చూపారు. అదే సంవత్సరం అక్టోబరు 20న ఆట విడుదలైంది. అదే రాత్రి ‘కాంకార్డ్’ అనే మరో ఆటను ప్రకటించారు. చూపింది ఒక చిన్న యానిమేషన్. ఎలా ఆడాలో అందులో లేదు. 2024 ఆగస్టు 23న ఆ ఆట వచ్చింది. ఆడేవారు కరువై సెప్టెంబరు 6న దాన్ని నిలిపివేశారు, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ వైఫల్యానికి ప్రకటన చిత్రం ఒక్కటే కారణమని అనలేం. కానీ ఆ రాత్రి ఫోను చూస్తున్న కుర్రవాడికి మొదటి ఆటను అంచనా వేయడానికి ఆధారం దొరికింది, రెండోదానికి దొరకలేదు.

కాబట్టి ఈసారి ప్రదర్శన చూసేటప్పుడు కొన్ని విషయాలు గమనించండి. తెర మూలన చిన్న అక్షరాల్లో ఏమని రాశారు? కెమెరా ఆడేవాడి వెంట నడుస్తున్నదా, లేక సినిమాలోలా కోణాలు మారుస్తున్నదా? బొమ్మ గోడకు తగిలి తడబడటం, తిరగబోయి ఆగడం వంటివి ఎక్కడైనా ఉన్నాయా? మనిషి చేతిలో ఉన్న ఆటలో అలాంటి చిన్న తప్పులు సహజం. విడుదల తేదీ చెప్పారా? ‘ది లాస్ట్ గార్డియన్’ అనే ఆటను 2009లో ప్లేస్టేషన్ 3 కోసమని ప్రకటించారు. అది 2016 డిసెంబరులో, ప్లేస్టేషన్ 4పై వచ్చింది. ముందటి యంత్రం కొని ఎదురుచూసినవారి సంగతి చెప్పనక్కర్లేదు.

ఆనందించడం తప్పు కాదు. మంచి యానిమేషన్ కూడా కళే, దాని వెనుక ఎందరో శ్రమ ఉంటుంది. బొమ్మను మెచ్చుకోవడం వేరు, డబ్బు ముందే కట్టడం వేరు. భిలాయి మిల్లులో పట్టా నునుపుగా మెరుస్తున్నదని పంపించేయరు. లోపల పగులుందేమోనని అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. ఆ తండ్రి అడిగిన ప్రశ్న కూడా అలాంటి పరీక్షే.